క్షయ నిర్ధారణ: మైక్రోస్కోపా, సీబీనాట్ యంత్రమా?

1882లో రాబర్ట్ కోచ్ క్షయ క్రిమిని లోకానికి చూపిన తర్వాత, కఫాన్ని గాజు పలకపై పూసి రంగు వేసి చూడడమే చాలాకాలం ఈ వ్యాధి నిర్ధారణకు ప్రధాన ఆధారమైంది. జీల్-నీల్సన్ పద్ధతిలో కార్బాల్ ఫుక్సిన్ పోసి కింది నుంచి వేడి చేస్తే, క్రిమి మైనపు పొరలోకి ఎరుపు రంగు ఇంకుతుంది. ఆపై ఆమ్లంతో కడిగినా అది వదలదు కనుక, మిథిలీన్ బ్లూ అనే రంగు ఇచ్చే నీలి నేపథ్యంలో క్రిములు సన్నని ఎర్రని కడ్డీల్లా కనబడతాయి. ఖర్చు చాలా తక్కువ. అయితే మిల్లీలీటరు కఫంలో సుమారు 5,000 నుంచి 10,000 క్రిములు ఉంటే తప్ప అవి కంటబడవు. అందుకే పిల్లల్లోనూ, హెచ్‌ఐవీ ఉన్నవారిలోనూ ఎన్నో కేసులు దొరకకుండా పోతాయి.

2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన సీబీనాట్ పరీక్ష క్రిమి డీఎన్‌ఏనే వెతుకుతుంది. మిల్లీలీటరుకు నూటముప్పై క్రిములున్నా చాలావరకు పట్టుకోగలదు. దాదాపు రెండు గంటల్లో వ్యాధి ఉన్నదీ లేనిదీ చెప్పడమే కాక, ఆ క్రిమి క్షయకు వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కూడా తేల్చుతుంది. మొదటి రోజే సరైన మందు ఎంచుకునే వీలు కల్పించే ఈ ఒక్క గుణం చాలు, తొలి నిర్ధారణకు దీన్నే ఎంచుకోవాలని నేను గట్టిగా చెప్పడానికి. యంత్రంలో పెట్టే కార్‌ట్రిడ్జ్‌ల (పరీక్ష డబ్బీల) ఖర్చు, నిలకడైన కరెంటు అవసరం నిజమైన ఇబ్బందులే.

కానీ చికిత్స మధ్యలో మందు పనిచేస్తున్నదా అని తెలుసుకోవడానికి సీబీనాట్ పనికిరాదు. చనిపోయిన క్రిముల డీఎన్‌ఏనూ అది చూపుతుంది. అక్కడ మైక్రోస్కోపు, కల్చర్ (క్రిములను ప్రయోగశాలలో పెంచి చూసే) పరీక్షలనే ఆశ్రయించాలి.