ఐదుగురు ఎక్కే బోటట! సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు జాగ్రత్త

బెజవాడలో సెకండ్ హ్యాండ్ ఫైబర్ బోట్లు ఎవరమ్ముతారంటే అందరూ చూపించేది ఆయన్నే. పేరు రాస్తే మళ్లీ అదో గొడవ, మీకే అర్థమవుతుంది. ఒళ్లు మండిపోతోంది, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

మాకేం కావాలో ముందే చెప్పాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మావయ్య గారు. ఆదివారం పూట బ్యారేజీకి ఎగువన నెమ్మదిగా తిరగాలి, కాసేపు గాలం వేసుకోవాలి. స్పీడుతో పనిలేదు. "మీకోసమే ఆపి ఉంచానండీ, ఐదుగురూ కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు" అన్నాడు. 12 అడుగుల బోటు, మోటారుతో కలిపి లక్షా డెబ్బై వేలు. లోపల ఐదుగురు మనుషుల బొమ్మతో మెరిసిపోతున్న స్టిక్కరు. బయానా ఇస్తే చాలన్నా వినకుండా మొత్తం కట్టేశాను. మన తెలివి అలా ఏడ్చింది.

ఇంటికి తెచ్చి కడుగుతుంటే ఆ స్టిక్కరు మూల లేచింది. గోటితో లాగితే కింద కంపెనీ వాళ్లు బిగించిన రేకు. ముగ్గురు, 270 కిలోలు. ఆ 270లోనే మనుషులు, మోటారు, సామాను అన్నీ. నేనూ మావయ్య గారూ ఎక్కితేనే నూట డెబ్బై దాటుతాం. మోటారు, నిండు పెట్రోలు డబ్బా ఇంకో యాభై. ఇక పిల్లల్ని ఒడ్డునే వదిలేసి చెయ్యి ఊపాలేమో!

రేకు ఫోటో తీసుకుని మా ఆవిడతో కలిసి వెళ్లాను. ఫోను వంక చూడనైనా లేదు, గ్లాసులో టీ తిప్పుకుంటూ, "ఆ లెక్క ఫారినోళ్ల ఒళ్లకి సార్, మనోళ్లు సన్నం కదా" అన్నాడు. మరి ఆ స్టిక్కరు ఎవరంటించారని మా ఆవిడ నిలదీసింది. అప్పుడన్నాడు: "అంత ప్రాణభయం ఉన్నోళ్లు టికెట్ కొనుక్కుని భవానీ ఐలాండ్‌కి పోవాలమ్మా, సొంత బోటెందుకు?" పక్కనున్న కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. డబ్బు పోయినందుక్కాదు, ఆ నవ్వు తల్చుకుంటేనే నిద్ర పట్టట్లేదు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర ఇరవై మందికి పైగా పోయింది, పట్టేదానికన్నా ఎక్కువమందిని ఎక్కించిన బోటులోనే. దానికి ఇంత దగ్గర్లో కూర్చుని ఈయన ఈ మాటంటాడు!

మోటారు సంగతి సరే సరి. వెనక చెక్క ఎత్తు 15 అంగుళాలున్న బోటుకి 20 అంగుళాల లాంగ్ షాఫ్ట్ (పొడుగు కాడ) మోటారు తగిలించాడు. ఫ్యాను ఐదంగుళాలు ఎక్కువ లోతుకి దిగుతుంది, ఇసుక మేటలున్న చోట గీసుకోకుండా ఎలా ఉంటుంది? కాగితాలడిగితే "తర్వాత చూద్దాం లెండి". ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021లో వచ్చింది, మోటారు బోటుకి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈయన చెప్పిన ఆ 'తర్వాత' ఎప్పుడో!

వెనక్కి తీసుకోమంటే నలభై వేలు కోసుకుంటాడట. బోటు మా వీధిలోనే ఉంది. బుడమేరు మళ్లీ వస్తుందనా అని వచ్చేపోయేవాళ్లు అడుగుతున్నారు.

కొనేవాళ్లు స్టిక్కరు నమ్మకండి, రేకు చూసి మీ ఇంటిల్లిపాది బరువు కూడుకోండి. నిలకడ నీళ్లలో గాలానికైతే అడుగు బల్లపరుపుగా, వెడల్పుగా ఉన్నది తీసుకోండి. మోటారు బిగించే వెనక చెక్క మీద వేలితో కొట్టి వినండి, మొద్దుగా మోగితే లోపల నానిపోయి ఉండొచ్చు. డబ్బు కట్టకముందే నీళ్లలో దించి చూపించమనండి. కుదరదంటే లేచి వచ్చేయండి.