20 గంటల డిజిటల్ శిక్షణ: వెనుక బల్ల మీద కూర్చుని చూసిన సంగతులు

ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ పేరిట 2017లో మొదలై 2024 మార్చి వరకు నడిచిన ఉచిత శిక్షణకు, 2019లో మా మేనత్తను మండల కేంద్రంలోని ఒక సేవా కేంద్రానికి తోడుండి తీసుకెళ్లాను. అయిదు మార్కులకు మూడు వేస్తాను. ఆ మూడూ అక్కడ పాఠం చెప్పిన అమ్మాయివే.

పాఠ్యక్రమం 20 గంటలు. కంప్యూటరు, స్మార్ట్‌ఫోన్ వాడకం నుంచి ఈమెయిల్, ప్రభుత్వ సేవలు, నగదు రహిత చెల్లింపుల వరకు అన్నీ ఉన్నాయి. అయితే ఆ కేంద్రంలో రెండే కంప్యూటర్లు పనిచేస్తుండడంతో, మొదటి నాలుగు రోజులు మౌస్ కోసం వంతు కాచుకోవడంతోనే గడిచిపోయాయి. ఇంట్లో మౌస్ అన్నదే లేని మనిషికి అంతసేపు అదెందుకో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

ఫోను చేతికిచ్చాక తరగతి తీరే మారింది. అత్తయ్య రోట్లో పచ్చడి నూరినట్టు వేలు అదిమిపట్టేసరికి, తెర మీది బొమ్మ తెరుచుకోకుండా వేలి వెంటే కదిలి వచ్చేది. ఆ అమ్మాయి నవ్వలేదు. "ముగ్గు చుక్క పెట్టినట్టు తాకి వదిలెయ్యండమ్మా" అంది, అంతే, పట్టుబడింది. యూపీఐ పాఠంలో డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదని ఆమె రోజూ ఒకసారి అందరిచేత చెప్పించేది. ఏడాది తర్వాత, గేదెను కొంటానని ఫోన్ చేసినవాడెవడో అడ్వాన్సు పంపుతున్నాను, పిన్ కొట్టమన్నప్పుడు, అత్తయ్య మారుమాటాడకుండా ఫోను పెట్టేసింది.

పరీక్ష మాత్రం మొక్కుబడి. కేంద్రం మనిషి వెనుక నిలబడి సరైన జవాబును వేలితో చూపించాడు. ధ్రువపత్రం పొందిన అభ్యర్థికి 300 రూపాయల చొప్పున శిక్షణ సంస్థకు ముట్టే ఏర్పాటు ఉన్నచోట, నేర్చుకున్నారా లేదా అన్నది వెనక్కి పోవడంలో వింత లేదు.

నాకు అసలు మింగుడుపడనిది అర్హత నిబంధన. ఇంటికి ఒక్కరు, వయసు 14 నుంచి 60. మామయ్యకు అప్పటికే 62 నిండాయి. ఫోను ఆయనదే, బ్యాంకు ఖాతా ఆయనదే. సందేశం వచ్చిన ప్రతిసారీ కళ్లజోడు తీసి, ఫోను అత్తయ్య చేతిలో పెట్టి, ఎంత పడిందో చదవమని పక్కనే కూర్చుంటారు.