ఫోన్ ఉండగా మళ్ళీ మ్యూజిక్ ప్లేయర్ ఎందుకు? ఎనిమిది నెలలు వాడాక చెప్తున్నా

"చేతిలో అంత ఫోనుండగా మళ్ళీ ఇదేటి బాబూ" అని విశాఖపట్నంలో మా ఎంవీపీ కాలనీలో పక్కింటి మావయ్యగారు అడిగారు, బీచ్ రోడ్డులో నాతో నడిచే ఇంకో ఇద్దరూ అదే అడిగారు, అందుకే ఒకేసారి వివరంగా రాసేస్తున్నా.

నేను కొన్నది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. చిన్న టచ్ స్క్రీన్, పక్కన నాలుగు బటన్లు, మెమరీ కార్డు పెట్టుకునే సందు, ఇయర్‌ఫోన్‌కి మామూలు 3.5 ఎంఎం జాక్. తొమ్మిది వేల చిల్లర అయింది. కంపెనీ పేరు రాయట్లేదు, నేను చెప్పబోయేవి చాలావరకు ఈ రకం చిన్న ప్లేయర్లన్నిటికీ వర్తిస్తాయి. డాబాగార్డెన్స్, జగదాంబ వైపు షాపుల్లో రెండు సాయంత్రాలు తిరిగా, బ్లూటూత్ స్పీకర్లూ, భక్తి పాటలు ముందే ఎక్కించి అమ్మే డబ్బాలూ చూపించారు తప్ప ఇలాంటిది కనపడలేదు, చివరికి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. చేత్తో పట్టుకుని బటన్లు నొక్కి చూసి కొనే వీల్లేదు, అదొక ఇబ్బంది అని ముందే తెలుసుకోండి.

అసలు నేను కొనడానికి కారణం మా అమ్మమ్మ. ఆవిడది విజయనగరం. మంగళహారతులు, పెళ్ళిపాటలు, మేలుకొలుపులు ఎంత బాగా పాడేదో. మా నాన్నగారు 90ల్లో ఆవిడని టేప్ రికార్డర్ ముందు కూర్చోబెట్టి ఇరవై దాకా క్యాసెట్లు నింపారు. ఆవిడ పోయి పదిహేనేళ్ళయింది, క్యాసెట్లేమో బీరువా అడుగున ఉండిపోయాయి, మన సముద్రపు గాలికి కొన్నిటి టేపు మీద తెల్లగా బూజు కూడా పట్టింది. పోయినేడాది వాటిని ఒక్కోటీ తీసి, టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ జాక్ నుంచి లాప్‌టాప్‌కి వైరు కలిపి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేయడం మొదలెట్టా. దీనికి దగ్గరదారి లేదు, 60 నిమిషాల క్యాసెట్ ఎక్కాలంటే 60 నిమిషాలూ అది తిరగాల్సిందే, మనం పక్కన కూర్చోవాల్సిందే.

ఈ పాటలు ఏ యాప్‌లోనూ దొరకవు కదా. ఫోన్‌లోనే పెట్టుకున్నా మొదట్లో. వాట్సాప్ వాయిస్ మెసేజీల మధ్య ఎక్కడో కలిసిపోయేవి, పైగా సరిగ్గా ఆవిడ గొంతెత్తి చరణం అందుకునే చోట ఏ లోన్ వాళ్ళ ఫోనో వచ్చేది. అది నావల్ల కాలేదు. ప్లేయర్ వచ్చాక పొద్దున్నే ఫోన్ ఇంట్లో పడేసి బీచ్ రోడ్డుకెళ్తున్నా, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మొదలుపెట్టి కోస్టల్ బ్యాటరీ దాకా వెళ్ళేసరికి క్యాసెట్ ఒక సైడు, తిరిగొచ్చేసరికి రెండో సైడు. జేబులో చెయ్యి పెట్టి తడుముకుంటూనే పాట మార్చొచ్చు, సౌండ్ తగ్గించొచ్చు, స్క్రీన్ చూడక్కర్లేదు. ఈ ఒక్క సుఖానికే తొమ్మిది వేలూ ఇవ్వొచ్చనిపిస్తుంది నాకు.

అరకు రైల్లో కూడా బాగా పనికొచ్చింది. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం మొదలెట్టాక సొరంగం మీద సొరంగం, సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, పక్క సీట్ల వాళ్ళ పాటలు మధ్యమధ్యలో ఆగిపోతుంటే నాది మాత్రం నడుస్తూనే ఉంది. యాప్‌లో కూడా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, కాదనను, కానీ చందా కట్టడం ఆపేస్తే ఆ డౌన్‌లోడ్లు మూగబోతాయి. కార్డులో ఉన్నవి ఎప్పటికీ మనవే.

సౌండ్ సంగతి. డబ్బా మీద 192 కిలోహెర్ట్జ్, 24 బిట్ అని (సౌండ్‌ని ఎంత వివరంగా నమోదు చేస్తారో చెప్పే లెక్కలివి) పెద్దగా అచ్చేస్తారు, దాన్ని చూసి మాత్రం కొనకండి. మామూలు సీడీ 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మన చెవి వినగలిగే 20 కిలోహెర్ట్జ్ దాకా దాంట్లోనే సరిపోతుంది. ఘంటసాల గారు, సుశీల గారు పాడిన 50లు, 60ల నాటి పాటలైతే రికార్డింగే మోనో, దాన్ని ఎంత పెద్ద ఫైలు చేసినా లేనిది కొత్తగా రాదు. తేడా తెలిసేది ఎక్కడంటే మంచి వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు, వెనక హిస్ లేకుండా వయొలిన్ తీగ మీద కమాను రాపిడి కూడా వినపడుతుంది, అక్కడ నా పాత ఫోన్ కంటే ఇది కచ్చితంగా మెరుగు. బ్లూటూత్ ఉంది గానీ ప్లేయర్ ఎడమ జేబులో పెడితే చాలు తెగుతూ ఉంటుంది, నేనసలు వాడట్లేదు.

ఫైళ్ళ లెక్క కూడా చెప్తా, కార్డు కొనేటప్పుడు పనికొస్తుంది. ఐదు నిమిషాల పాట 320 కేబీపీఎస్ ఎంపీత్రీ అయితే 12 ఎంబీ, ఫ్లాక్ (క్వాలిటీ ఏమాత్రం తగ్గకుండా కుదించే రకం ఫైలు) అయితే 30 ఎంబీ అటూఇటూ. అంటే 128 జీబీ కార్డులో ఫ్లాక్ పాటలు నాలుగు వేల దాకా పడతాయి, ఎంపీత్రీలు పదివేలు. 2001లో మొదటి ఐపాడ్ వచ్చినప్పుడు 5 జీబీ, 1000 పాటలు అంటేనే అదొక పెద్ద విశేషం, ఇప్పుడు గోరంత కార్డులో అంతకు పదింతలు.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. తెలుగు. మా అమ్మమ్మ పాటలన్నిటికీ కూర్చుని తెలుగులో పేర్లు పెట్టా, రాగం తెలిసినచోట రాగం, ఎవరి పెళ్ళిలో పాడిందో అది కూడా రాశా, మూడు రాత్రులు పట్టింది. కార్డు పెట్టి చూస్తే కొన్ని పేర్లు ఖాళీ గళ్ళు, మిగతావాటిలో ఒత్తులన్నీ విడిపోయి, "కృష్ణ" లో ఋత్వం ఒకచోట, ణ ఒత్తు ఇంకోచోట, చదవడానికి వీల్లేకుండా ఉంది. అక్షరాలు కలిపి చూపించే పని సాఫ్ట్‌వేర్‌లో చెయ్యకుండా వదిలేశారన్నమాట, కొత్త అప్‌డేట్ వేసినా మారలేదు. వెతకడానికి కీబోర్డు కూడా ఇంగ్లీషే. కోట్ల మంది మాట్లాడే భాష ఇది, తొమ్మిది వేలు తీసుకుని పాట పేరు చూపించలేకపోతే ఎలా అండి? చివరికి అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకోవాల్సొచ్చింది. అక్కడ ఇంకో తంటా, సుశీల గారి పేరు ఒక ఫైల్లో ఒక స్పెల్లింగు, ఇంకో ఫైల్లో వేరే స్పెల్లింగు ఉంటే ప్లేయర్ వాళ్ళని ఇద్దరు గాయనులుగా చూపిస్తుంది, జానకి గారూ అంతే. కాబట్టి కార్డులోకి ఎక్కించే ముందే లాప్‌టాప్‌లో ట్యాగులన్నీ (ఫైల్లో రాసుండే పాట, గాయకుల పేర్లు) ఒకే పద్ధతిలో సరిచేసుకోండి, తర్వాత చేద్దాంలే అనుకుంటే అస్సలు అవ్వదు. ఆండ్రాయిడ్ మీద నడిచే ప్లేయర్లలో తెలుగు బాగానే కనపడుతుంది, కానీ వాటి ధర దీనికి రెండు మూడింతలు పైన ఉంటుంది.

కచేరీలు వినేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. ఆలాపన ఒక ట్రాకు, కీర్తన ఇంకో ట్రాకు అని ముక్కలు చేసి ఉంటాయి కదా, ట్రాకు మారేచోట గ్యాప్ లేకుండా వెళ్ళిపోయే సెట్టింగు ఉందో లేదో కొనేముందే కనుక్కోండి. నా దాంట్లో ఫ్లాక్‌కి బానే ఉంది, ఎంపీత్రీకి అర సెకను ఆగుతుంది, మృదంగం నడక మధ్యలో ఆ అర సెకను కాలు తడబడినట్టుంటుంది. హరికథలు వినేవాళ్ళకైతే మరీ ముఖ్యం, రెండు గంటల ఫైలు సగంలో ఆపి మళ్ళీ ఆన్ చేస్తే అక్కడి నుంచే అందుకోవాలి, నాది మొదటికెళ్ళిపోతుంది. ఆదిభట్ల నారాయణదాసు గారి విజయనగరానికి ఇంత దగ్గర్లో ఉంటూ హరికథ వినకుండా ఎలా ఉంటాం చెప్పండి, అందుకని నేను ఒక్కో కథనీ పావుగంట ముక్కలుగా కోసుకున్నా.

బ్యాటరీ వైరు ఇయర్‌ఫోన్‌తో ఎనిమిది తొమ్మిది గంటలొస్తోంది, నాకు వారానికి రెండుసార్లు ఛార్జింగ్ చాలు. ఎండలో స్క్రీన్ కనపడదు. ఉప్పుగాలికి మాత్రం జాగ్రత్త, నా ఇయర్‌ఫోన్ పిన్ను మీద మూడో నెలకే పచ్చగా చిలుము వచ్చి ఒక చెవిలో సౌండ్ పోయింది, అప్పటినుంచి బీచ్ నుంచి రాగానే పొడిగుడ్డతో తుడిచి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు స్టీలు డబ్బాలో పెట్టేస్తున్నా, మళ్ళీ రాలేదు.

రోజూ కొత్త సినిమా పాటలు యాప్‌లో వినేవాళ్ళకి దీంతో పని లేదు, ఆ డబ్బు మంచి ఇయర్‌ఫోన్‌కి పెట్టండి. ఇంట్లో పాత క్యాసెట్లో, సీడీలో, మీవాళ్ళ గొంతు రికార్డులో ఉంటే మాత్రం కొనుక్కోండి, కాకపోతే కార్డుని నమ్మి ఒక్కచోటే ఉంచకండి. నేను రెండో కార్డు చేసి అనకాపల్లిలో మా పిన్నికిచ్చా. పిన్ని మొదటి పాట విని ఫోన్ చేసి, ఆ పాటలో వెనక వినపడే చిన్నపిల్ల ఏడుపు మా చెల్లిదే అని చెప్పింది, అది మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇంకా ఏడు క్యాసెట్లు మిగిలాయి. టేప్ రికార్డర్ బెల్టు సాగిపోయి గొంతు నెమ్మదిగా, బొంగురుగా వస్తోంది. పూర్ణా మార్కెట్ వైపు గానీ గాజువాకలో గానీ పాత టేప్ రికార్డర్లకి బెల్టు మార్చేవాళ్ళు ఎవరైనా తెలిస్తే దయచేసి చెప్పండి, వానాకాలం వచ్చేలోపు ఆ ఏడూ ఎక్కించెయ్యాలి.