అంబాసిడర్‌కు ఎలక్ట్రిక్ ఫ్యాన్: కొన్ని ఎండాకాలాలు వాడాక

నా అంబాసిడర్ కారుకు కంపెనీ ఫ్యాన్ తీసేసి, ఇంజన్ వేడెక్కినప్పుడే తిరిగే ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించాను. అందరూ అడిగేది మైలేజీ గురించే కాబట్టి అదే ముందు చెప్తాను. నా 1500 సీసీ పెట్రోల్ అంబాసిడర్ హైవే మీద లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చేది. ఇప్పుడు పదకొండుకు కాస్త అటూ ఇటూగా ఇస్తోంది. విజయవాడ ఊళ్లో తిప్పితే మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. పెరిగిన ఆ కిలోమీటర్‌లో దాదాపు సగం థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వ్) పుణ్యమే, ఫ్యాన్‌ది కాదు. రెండు పనులూ ఒకేసారి చేయించకుండా ముందు వాల్వ్, కొన్ని నెలల తర్వాత ఫ్యాన్ మార్పించాను. ప్రతిసారీ ఒకే బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించి లెక్క చూసుకున్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

ఈ బండిలో కంపెనీ ఫ్యాన్‌ను వాటర్ పంప్ పుల్లీకే బోల్టులతో బిగించేశారు. కంట్రోల్ అంటూ ఏమీ ఉండదు, ఇంజన్ తిరిగినంతసేపూ అదీ తిరగాల్సిందే. డిసెంబర్ చలిలో తెల్లవారుజామున స్టార్ట్ చేసినా తిరుగుతుంది. హైవే మీద ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తున్నా తిరుగుతూనే ఉంటుంది. పైగా ఫ్యాన్ స్పీడు రెట్టింపైతే అది ఇంజన్ నుంచి లాక్కునే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అంటే అవసరం లేని హైవే మీదే ఎక్కువ తినేస్తుంది. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఐడిలింగ్ మీద ఉన్నప్పుడు, గాలి నిజంగా కావలసిన చోట, నీరసంగా తిరుగుతుంది.

ఇక వాల్వ్ సంగతి. మన దగ్గర పాత బండ్లలో చాలావాటికి థర్మోస్టాట్ ఉండదు, ఎప్పుడో పీకేసి ఉంటారు. "మన ఎండలకు వాల్వ్ ఎందుకండీ, ఇరుక్కుపోతే ఇంజన్ పోద్ది" అన్నారు మా మేస్త్రి గారు. ఇరుక్కుంటుందన్న భయం నిజమే, కాదనను. కానీ వాల్వ్ లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లోకి పోయి వస్తుంటాయి, ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. చల్లటి మానిఫోల్డ్‌లో (ఇంజన్‌లోకి గాలీ పెట్రోలూ పోయే గొట్టంలో) పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, ఆయిల్ చిక్కగా ఉంటుంది, చోక్ ఎక్కువసేపు లాగి ఉంచాలి. అవన్నీ పెట్రోల్ ఖర్చులే.

82 డిగ్రీల వాల్వ్ కొని, బిగించే ముందు ఇంట్లోనే పరీక్షించాను. వాల్వ్ నోట్లో దారం ఇరికించి, ఆ దారంతోనే గిన్నెలో నీళ్లల్లోకి వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి పొయ్యి మీద వేడి చేశాను. వాల్వ్ తెరుచుకోగానే దారం వదిలేసి అడుక్కు పడిపోయింది. అప్పుడు థర్మామీటర్ ఎంత చూపిస్తే అదే అది తెరుచుకునే వేడి. కొత్తదైనా సరే, ఈ పరీక్ష చేయకుండా బిగించొద్దు.

ఫ్యాన్ ఆటోనగర్‌లో దొరికిన పాత మారుతిది, దాని కవర్‌తో సహా తీసుకున్నాను. కవర్ లేకుండా ఉత్త ఫ్యాన్ పెడితే గాలిని రేడియేటర్ గుండా లాగకుండా పక్కల నుంచి లాగుతుంది. పాత ఫ్యాన్ తీసేశాక ఒక చిన్న విషయం చూసుకోవాలి. ఫ్యాన్‌నూ పుల్లీనీ పట్టుకునేవి అవే నాలుగు బోల్టులు. రెక్కల మందం పోయింది కాబట్టి అంత మందం వాషర్లు వేయాలి, లేదా పొట్టి బోల్టులు వాడాలి. లేకపోతే బోల్టు లోపలికి ఎక్కువ దిగి పంప్‌కు తగలొచ్చు. ఫ్యాన్ బెల్ట్ ఎటూ ఉండాల్సిందే, వాటర్ పంప్‌నూ ఆల్టర్నేటర్‌నూ తిప్పేది అదే.

కంట్రోల్‌కు రేడియేటర్ పై గొట్టంలో చిన్న అడాప్టర్ వేసి 92 డిగ్రీల దగ్గర ఆన్, 87 దగ్గర ఆఫ్ అయ్యే థర్మో స్విచ్ పెట్టించాను. స్విచ్ కింది గొట్టంలో పెడితే అక్కడికి చల్లబడ్డ నీళ్లు వస్తాయి, కాబట్టి ఇంకా తక్కువ రేటింగ్‌ది వాడాలి. స్విచ్ నుంచి రిలేకు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్), రిలే నుంచి ఫ్యాన్‌కు వైరింగ్, మధ్యలో ఫ్యూజ్. డ్యాష్‌బోర్డు మీద ఫ్యాన్ తిరిగితే వెలిగే చిన్న బల్బు ఒకటి, స్విచ్ పాడైతే చేత్తో ఫ్యాన్ వేసుకోవడానికి మీట ఒకటి. కొందరు థర్మో స్విచ్ లేకుండా ఉత్త మీట మీదే నడిపిస్తున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఒక్కసారి వేయడం మర్చిపోతే చాలు, ఇంజన్ మరీ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింది సీలు) పోతుంది, ఏళ్ల తరబడి మిగిల్చిన పెట్రోల్ డబ్బంతా అక్కడికే పోతుంది.

ఇన్నేళ్లలో ఇబ్బంది పెట్టింది రిలే ఒక్కటే. చవక రకం రిలేలో కాంటాక్టులు అతుక్కుపోయి, బండి ఆపేసినా ఫ్యాన్ రాత్రంతా తిరిగి, పొద్దునకి బ్యాటరీ ఖాళీ అయింది. మంచి రిలే వేశాక మళ్లీ ఆ గొడవ లేదు. ఫ్యాన్‌కు బ్యాటరీ నుంచి నేరుగా సప్లై ఇవ్వడం వల్ల వచ్చిన చిక్కు అది. అయినా అలాగే ఉంచాను, దానికి కారణం ఉంది. మే నెలలో బండి ఆపి కాసేపయ్యాక స్టార్ట్ చేస్తే, పైపులోనే పెట్రోల్ ఆవిరై మొరాయించడం అంబాసిడర్ ఉన్నవాళ్లందరికీ తెలిసిన బాధే. ఫ్యూయల్ పంప్ మీద తడిగుడ్డ వేసుకుని రోడ్డు పక్కన నిలబడాలి. ఇప్పుడు తాళం తీసినా ఫ్యాన్ ఇంకాసేపు తిరిగి ఆ వేడిని కొంత లాగేస్తుంది. బాధ పూర్తిగా పోలేదు కానీ బాగా తగ్గింది. అయితే ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు, ఫ్యాన్ ఆగి ఉన్న నిమిషాల్లో బానెట్ కింద మునుపటికన్నా వేడిగానే ఉంటుంది. పాత ఫ్యాన్ ఎప్పుడూ ఇంజన్ మీదికి కాస్త గాలి కొడుతుండేది, ఇప్పుడది లేదు.

నాకు అన్నింటికన్నా నచ్చింది చప్పుడు తగ్గడం. ఏలూరు దాటాక రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఆ హోరు లేకపోవడం స్పష్టంగా తెలుస్తుంది. ఆ దారిలో ఫ్యాన్ బల్బు వెలగడమే అరుదు.

డైనమో (ఆల్టర్నేటర్‌కు ముందు బ్యాటరీని చార్జ్ చేసిన పాత పరికరం) ఉన్న బండికి ఇది పెట్టొద్దు, ముందు ఆల్టర్నేటర్ వేయించుకోండి. ఫ్యాన్ 8 ఆంపియర్లు లాగినా వంద వాట్ల దాకా అవుతుంది, రాత్రి హెడ్‌లైట్లతో కలిపి ఐడిలింగ్‌లో డైనమో అంత ఇవ్వలేదు. ఏసీ పెట్టించిన బండికి లాభం తగ్గుతుంది, ఎందుకంటే కంప్రెసర్ నడిచినంతసేపూ కండెన్సర్‌కు గాలి కావాలి. ఈ కాలపు కార్లలో ఫ్యాన్‌ను ఈసీయూనే (ఇంజన్ కంప్యూటరే) నడుపుతుంది కాబట్టి అక్కడ చేయి పెట్టే పనే లేదు. ఎల్‌పీజీ కిట్ ఉన్న అంబాసిడర్లకైతే ఫ్యాన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు కానీ వాల్వ్ మాత్రం వెంటనే వేయించమంటాను. గ్యాస్ వేపరైజర్‌కు (ద్రవంగా ఉన్న గ్యాస్‌ను ఆవిరి చేసే భాగానికి) వేడి అందేది ఇంజన్ నీళ్ల నుంచే, నీళ్లు చల్లగా ఉంటే అది మంచు పట్టి బండి ఆగిపోతుంది.