కటకటలాడిన ఆటో హబ్బులు: పొట్టంగి కొండల్లో ఆరేళ్లు

ఒడిశా కొండల నుంచి ఆంధ్రా వైపు సుంకి ఘాట్ దిగుతున్నాం. వెనక పదిహేను బస్తాల పచ్చి అల్లం, పక్క సీట్లో మా బావమరిది. మూడో మలుపు దాటగానే ఎడమ ముందు చక్రం లోపల కటకటకట మొదలైంది, డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు. బ్రేకు నొక్కినా మారదు, క్లచ్ తొక్కినా మారదు. బండి వేగంతో పాటే పెరుగుతుంది, వేగంతో పాటే తగ్గుతుంది. "బావా, చక్రం ఊడిపోద్దేమో" అన్నాడు వాడు. ఊడలేదు గానీ, ఆ శబ్దం ఏమిటో తేల్చుకోవడానికి నాకు రెండేళ్లు, రెండు జతల బేరింగులు పట్టాయి.

నాది డబుల్ క్యాబిన్ ఫోర్ వీల్ పికప్, అంటే అవసరమైతే నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి. 2018లో కొన్నాను, లక్షా పది వేల కిలోమీటర్లు దాటింది. కంపెనీ పేరు చెప్పను, ఇలాంటి ఆటో హబ్బులు (ముందు చక్రాన్ని దాని షాఫ్టుతో తమంతట తామే కలిపి, విడదీసే భాగాలు) చాలా బండ్లకు వచ్చాయి. ఒడిశాలోని పొట్టంగి చుట్టుపక్కల కొండ ఊళ్లలో అల్లం, కూరగాయలు ఎత్తుకుని కుందులి సంతకో, ఘాట్ దిగి సాలూరుకో తేవడం నా పని. వానాకాలం ఫోర్ వీల్ లేకపోతే బండి దేవమాలి కొండ వైపు తల కూడా తిప్పలేదు. మిగతా నెలల్లో ఎక్కువగా తారు రోడ్డే.

తారు రోడ్డు మీద ముందు చక్రాలకు ఇంజను శక్తి అక్కర్లేదు. అప్పుడు చక్రం తిరుగుతుంటే దాని వెనకున్న షాఫ్టు, క్రౌను (షాఫ్టును తిప్పే పెద్ద పళ్ల చక్రం) కూడా ఊరికే తిరగకుండా చక్రాన్ని విడదీసి ఉంచేదే ఈ హబ్. ఫోర్ వీల్ వేసి బండి కదిలించగానే షాఫ్టు తిరిగి, లోపలి మెట్టు ఒక పళ్ల చక్రాన్ని బయటికి తోస్తుంది. ఆ పళ్లు హబ్ పళ్లలో కూర్చుంటే చక్రం, షాఫ్టు ఒకటవుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిన జీపుల్ని రోడ్డు మీద తిప్పుకునేవాళ్ల కోసం అమెరికాలో ఆర్థర్ వార్న్ అనే ఆయన 1948లో హబ్బుల వ్యాపారం మొదలుపెట్టాడు. అవి చేత్తో తిప్పి బిగించేవి. దిగి తిప్పే శ్రమ లేకుండా ఆటో హబ్బులు తర్వాత వచ్చాయి. నేను మాత్రం మళ్లీ వెనక్కే వెళ్లాను, అది చివర్లో చెప్తాను.

కొన్న రెండో వానాకాలంలో శబ్దం మొదలైంది. కొండ మీద ఒక గ్యారేజీలో చూపిస్తే వినీ వినకుండానే బేరింగు అన్నారు. మార్చారు. ఇరవై రోజులు హాయిగా ఉంది, మళ్లీ కటకట. మళ్లీ బేరింగులే మార్చారు, ఈసారి రెండు వైపులా. పైగా "బాగా గ్రీజు పెట్టాం సార్" అని గొప్పగా చెప్పారు. అసలు కొంప ముంచింది ఆ గ్రీజే అని అప్పుడు నాకు తెలియదు.

2021లో అల్లం దింపి వస్తూ సాలూరులో ఆగాను. లారీల ఊరు కదా, అక్కడ చెవితో రోగం చెప్పే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. ఒక పెద్దాయన వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించి, ముందు రెండు చక్రాలూ జాకీ మీద లేపించాడు. గేరు టూ వీల్‌లోనే, అంటే వెనక చక్రాలకే శక్తి అందేలా ఉంది. కుడి చక్రం చేత్తో తిప్పాడు, వెనకున్న షాఫ్టు కదల్లేదు. ఎడమది తిప్పాడు, షాఫ్టు కూడా చక్రంతో పాటే తిరిగింది. "హబ్బు వదల్లేదు బాబూ. బేరింగు ఏటి పాపం చేసింది?" అన్నాడు. రెండు నిమిషాల పని అది. నా రెండేళ్ల టెన్షన్ అక్కడ తేలిపోయింది.

ఆరు బోల్టులు విప్పి మూత తీస్తే లోపల ఇంచు ఖాళీ లేదు, అంతా బేరింగు గ్రీజు. వేలితో తీసి చూపించాడు, పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. అంటే నీళ్లు కలిశాయి. మూత కింద రబ్బరు రింగు ఒకచోట తెగి ఉంది. నేను దాటిన ప్రతి గెడ్డ (వాగు) నీళ్లూ అందులోంచి లోపలికి వెళ్లాయన్నమాట. స్ప్రింగు తుప్పు పట్టింది. పళ్ల అంచులు అరిగిన సబ్బు బిళ్లలా గుండ్రంగా అయిపోయాయి. ఆటో హబ్‌లో గ్రీజు పలచగా, పూసీ పూయనట్టు ఉండాలట. కూరితే స్ప్రింగు పళ్ల చక్రాన్ని వెనక్కి లాగలేదు, పళ్లు సగం పట్టి సగం వదిలి ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి. నేను వింటున్న కటకట అదే. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, కొత్త రబ్బరు రింగు వేసి బిగించాడు. పాత బేరింగుల మీద పెట్టిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

నా తప్పూ ఉంది. "ఫోర్ వీల్ తీసినాక వెనక్కి నడిపినారా?" అని అడిగాడు మేస్త్రి. నేను ఎప్పుడూ నడపలేదు. మా బండి హబ్బులు వదలాలంటే టూ వీల్ వేసి, స్టీరింగు తిన్నగా పెట్టి, నాలుగు మీటర్లు వెనక్కి పోనివ్వాలి. అదీ మట్టి మీదైతే మంచిది, బిగుసుకున్న షాఫ్టులు సులువుగా సడలుతాయి. బండితో ఇచ్చిన పుస్తకంలోనే రాసి ఉంది. ఆ పుస్తకాన్ని నేను ఇన్సూరెన్స్ కాగితాలు మడిచి దాచడానికే వాడాను.

ఆ తర్వాత మూడేళ్లు దాదాపు నిశ్శబ్దం. డిసెంబరు, జనవరి పొద్దుల్లో మాత్రం మొదటి కిలోమీటరు కాసేపు కటకటలాడేది. కొండ మీది చలికి ట్రాన్స్‌ఫర్ కేస్‌లో (ఇంజను శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టెలో) ఆయిలు చిక్కబడి, టూ వీల్‌లో ఉన్నా ముందు షాఫ్టును కొంచెం ఈడుస్తుంది. హబ్ దాన్ని ఫోర్ వీల్ వేసినట్టే అనుకుని పళ్లు చాస్తుంది. ఆయిలు వేడెక్కితే అదే ఆగిపోయేది. అప్పటికి నా చెవి కూడా తయారైంది. హూమ్మని ఒకే తీరున మోగుతూ, మలుపులో బరువు పడినప్పుడు పెరిగితే అది బేరింగే. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడే టక్ టక్ అంటే షాఫ్టు జాయింటు చూడాలి. వాక్యూమ్ (గాలి లాగే) పైపుతో పనిచేసే హబ్బుల సంగతి వేరు, వాటికి ముందు పైపు చిట్లిందేమో చూడాలి.

ఇంత చేసినా నేను ఆటో హబ్బులు ఎందుకు మార్చానంటే, శబ్దం కోసం కాదు. 2024 ఆగస్టులో ఒక కొండ ఊరి నుంచి ఎర్రమట్టి దారిలో ఫోర్ లో (నాలుగు చక్రాలకూ తక్కువ వేగం, ఎక్కువ లాగుడు ఇచ్చే గేరు) వేసి మొదటి గేరులో దిగుతున్నాను. యాక్సిలరేటర్ మీద కాలు తీశాను, ఇంజను బండిని పట్టి ఉంచుతుందని. ముందు నుంచి టక్ మని వినిపించింది, ముందు చక్రాల పట్టు పోయింది. బండిని పట్టి ఉంచే భారమంతా వెనక చక్రాల మీదే పడి బండి అడ్డంగా జారింది. పక్కన లోయ. ప్రాణం గొంతులోకి వచ్చింది. నా హబ్బులో షాఫ్టు చక్రాన్ని తోస్తున్నంతసేపే పట్టు గట్టిగా ఉంటుంది. దిగేటప్పుడు చక్రమే షాఫ్టును తోస్తుంది, ఆ తిరగబడే క్షణంలో పళ్లు వదిలేశాయి. ఎక్కడానికి పనికొచ్చి దిగడానికి పనికిరాని వస్తువుతో ఈ కొండల్లో ఏం చేసుకుంటాం?

చేత్తో తిప్పే హబ్బులు వేయించాను. వానలో దిగి, జలగలు పాకే గడ్డిలో నిలబడి రెండు వైపులా తిప్పాలి, అదొక్కటే బాధ. ఒక వైపు మరిచిపోతే ముందు చక్రాలు రెండూ దండగే. మైలేజీలో నాకైతే తేడా కనపడలేదు. ఎక్కువగా తారు మీద తిరుగుతూ, ఎప్పుడో ఒకసారి బురద ఎక్కేవాళ్లకు ఆటో హబ్బే చాలు, ఏడాదికోసారి విప్పి కడిగితే. మొన్న ఒకసారి బిగించిన హబ్బులు వదలడం మరిచిపోయి టూ వీల్‌లోనే కొరాపుట్ దాకా వెళ్లిపోయాను. ఏమీ కాలేదు, ఒక్క కటకట కూడా వినిపించలేదు.