తొమ్మిదేళ్ల రాలీ: ఆ స్లాట్ల కోసమే ఇంకా నడుపుతున్నాను

రాలీ అనే చిన్న ఫ్రెంచి విమానం గురించి ఎవరు మాట్లాడినా ఇంజన్ చిన్నది, వేగం తక్కువ అంటూ మొదలుపెడతారు. నిజమే, దాని గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. ఫ్రాన్స్‌లో తులూజ్ దగ్గర ఒక ఏరోక్లబ్‌లో తొమ్మిదేళ్లుగా నేను నడుపుతున్నది అందులో ఎం.ఎస్.880బి అనే రకం. ఇప్పటికీ హ్యాంగర్‌లోకి వెళ్లగానే నా చెయ్యి ముందుగా పోయేది దాని రెక్క ముందు అంచు మీదికే. రెక్క పొడవునా అక్కడ స్లాట్లు అనే కదిలే రేకు పట్టీలు ఉంటాయి. లాగితే ముందుకొస్తాయి, అరచేత్తో నెడితే వెనక్కి పోయి రెక్కకు అతుక్కుంటాయి. ఎక్కడా పట్టేయకుండా కదులుతున్నాయా లేదా అని ఎగిరే ప్రతిసారీ ఇలాగే చూసుకోవాలి. జనవరి పొద్దుల్లో ఆ రేకు చేతిని కొరికినంత చల్లగా ఉంటుంది.

వీటికి మోటారూ లేదు, లీవరూ లేదు. వేగంగా పోతున్నంతసేపు గాలే వాటిని రెక్కకు అదిమి పట్టుకుంటుంది. వేగం తగ్గి ముక్కు పైకి లేస్తే అదే గాలి వాటిని ముందుకు లాగుతుంది. అప్పుడు ఏర్పడిన సందులోంచి దూసుకొచ్చే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకునే పోతుంది. మామూలు రెక్క అయితే స్టాల్ అయిపోయే, అంటే గాలి పట్టు తప్పి ఇక మోయలేకపోయే కోణంలో కూడా ఇది విమానాన్ని మోస్తూనే ఉంటుంది.

వీటి విలువ నాకు తెలిసొచ్చింది మూడో ఏడాది మార్చిలో. మా ప్రాంతంలో ఆగ్నేయం నుంచి ‘ఒతాన్’ అనే గాలి వీస్తుంది. ఒక్కోసారి రోజుల తరబడి వదలదు, అదీ కుదురుగా వీయదు, కుదుపులు కుదుపులుగా వస్తుంది. ఆ రోజు సాయంత్రం దాకా రాదన్నారు, మధ్యాహ్నానికే వచ్చేసింది. గడ్డి రన్‌వేకి దిగుతున్నాను, రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాప్‌లు పూర్తిగా దించాను, వేగం చూపే ముల్లు గంటకు 115 కిలోమీటర్ల మీద ఉంది. కంచె దాటబోతుండగా ఎదురుగాలి ఒక్కసారిగా ఆగిపోయింది. ముల్లు 85కి పడింది. నేను ఏదైనా చేసేలోపే రెండు వైపులా ‘టప్’మని చప్పుడు. స్లాట్లు పూర్తిగా బయటికొచ్చాయి. నేను భయపడింది ఒక రెక్క వాలిపోతుందేమోనని. వాలలేదు. రెండు రెక్కలూ సమంగానే ఉన్నాయి, చేతిలో విమానాన్ని తిప్పే కర్ర మెత్తబడింది కానీ చెప్పిన మాట వింటూనే ఉంది. ఇంజన్ బలం పెంచే థ్రాటిల్‌ని పూర్తిగా తోశాను. గట్టిగానే తగిలాం. కానీ ఈ విమానం చక్రాలు వెనక్కి వంగే పొడవాటి చేతుల మీద ఉంటాయి, దెబ్బంతా అవే మింగేశాయి. పార్కింగ్‌కి వచ్చి తలపైన ఉండే అద్దాల కప్పు (కానపీ) వెనక్కి జరిపి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. దిగాక మొదట చేసిన పని ఆ స్లాట్‌ని నిమరడం.

1958లో ఫ్రాన్స్ ప్రభుత్వం తేలికపాటి విమానం కోసం పోటీ పెడితే, మొరాన్-సోల్నియే కంపెనీ దానికోసం తయారుచేసిన విమానం ఇది. 1959 జూన్ 10న 90 హార్స్‌పవర్‌తో మొదటిసారి ఎగిరింది. మా బండిలో ఉన్నది 100. తర్వాత అదే విమానానికి 145, 150, 180, చివరికి 235 హార్స్‌పవర్ ఇంజన్లు కూడా బిగించారు. మధ్యలో కంపెనీ దివాలా తీసి పోటెజ్ అనే మరో విమాన కంపెనీ చేతికి, అక్కణ్ణుంచి సూద్ ఏవియేషన్‌కి వెళ్లింది. 1966 నుంచి తార్బ్ ఊళ్లోని సొకాటా కంపెనీ పేరు మీద తయారైంది. ఇంజన్ లేని గ్లైడర్లను లాగే 180 హార్స్‌పవర్ రకానికి 1979లో ‘గలేరియాన్’ అని పేరు పెట్టారు. పాతకాలం ఓడల్లో తెడ్లు లాగే శిక్ష పడ్డ ఖైదీ అని దాని అర్థం. రోజంతా అది చేసే చాకిరీ చూసినవాళ్లకే తడుతుంది ఆ పేరు. పోలండ్‌లో కూడా లైసెన్స్ తీసుకుని ‘కోలిబర్’ పేరుతో కట్టారు. ఇంజన్లు, యజమానులు, పేర్లు ఇన్ని మారినా స్లాట్లను మాత్రం ఎవరూ తీసేయలేదు. రాలీ తర్వాత సొకాటా తెచ్చిన టీబీ శ్రేణిలో మాత్రం అవి లేవు. అవి వేగమైనవి, సోకైనవి, నేనూ నడిపాను. కానీ వాటిలో దిగేటప్పుడు నా కన్ను ముల్లు మీంచి కదలదు.

ఇంతా చెప్పాక ఒక జులై మధ్యాహ్నం సంగతి కూడా చెప్పాలి. తెనాలి నుంచి నాన్న వచ్చారు. ఆయన ముందు, నా భార్య వెనక, ట్యాంకులు దాదాపు నిండుగా. ఎండ 34 డిగ్రీలు. చక్రాలు తొందరగానే నేలను వదిలాయి. నేను ముక్కు కాస్త ఎక్కువే ఎత్తాను. స్లాట్లు బయటికొచ్చి అలాగే ఉండిపోయాయి. విమానం పడలేదు, కానీ పైకీ పోలేదు. ఎదురుగా పాప్లార్ చెట్ల వరస. ‘ఏరా, ఇది పైకెక్కదా?’ అన్నారు నాన్న. ముక్కు కిందికి దించాను. ఆ క్షణంలో అలా చేయడానికి మనసొప్పదు. వేగం పెరిగి స్లాట్లు మూసుకున్నాక నెమ్మదిగా ఎక్కడం మొదలుపెట్టింది. చెట్లను దాటాం, కానీ దగ్గరగానే దాటాం.

గాలిలో నిలబెట్టడం వరకే స్లాట్ల పని. పైకెక్కించాల్సింది ఇంజనే, మా దాంట్లో ఆ బలం తక్కువ. మార్చిలో నేను బయటపడడానికి కూడా స్లాట్లతో పాటు థ్రాటిల్ కారణం. ఇంజన్ తగ్గించి నెమ్మదిగా దిగనిస్తే రెక్క వాలకపోయినా విమానం రాయిలా కిందికి జారుతుంది. ఆ రోజు కథ చెప్పేటప్పుడు ఈ ముక్క నేను చాలాకాలం వదిలేసేవాణ్ని.

నా బరువు 68 కిలోలు. ఎక్కువగా ఒక్కడినే ఎగురుతాను, గంట గంటన్నర దూరంలో ఉన్న చిన్న గడ్డి రన్‌వేలకే వెళ్తాను. అలాంటివాళ్లకు 880 చాలు. కొనేముందు స్లాట్లు కదిలే చోట అరుగుదల ఎంతుందో మెకానిక్‌తో చూపించుకోండి. పిల్లలతో సముద్రం దాకా వెళ్లాలనుకుంటే ఇదే రాలీలో 180 హార్స్‌పవర్‌ది వెతకండి. నాన్న మళ్లీ వచ్చినప్పుడు నేను తీసుకున్నదీ అదే.