ఏటీఆర్‌లో అమ్మతో రాజమండ్రికి

మే నెలలో అమ్మను తీసుకుని హైదరాబాద్ నుంచి రాజమండ్రి వెళ్లొచ్చాను. మోకాళ్ల నొప్పులతో గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం తన వల్ల కాదంది. అందుకని ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానంలో టికెట్లు తీశాను. వెళ్లేది మధ్యాహ్నం, వచ్చేది పొద్దున్నే. రెండూ ఒకే రకం విమానాలు, కానీ రెండు ప్రయాణాలకూ పోలికే లేదు.

వెళ్లేటప్పుడు ముందు వరుస తీసుకోవడం నా పొరపాటు. ఈ విమానంలో ఎక్కే తలుపు వెనక ఉంటుంది. ముందు, కాక్‌పిట్‌కీ సీట్లకీ మధ్య సామాన్లు పెడతారు. సన్నటి నడవాలో అమ్మ సీటు సీటునూ పట్టుకుంటూ ఆ చివరిదాకా నడవాల్సి వచ్చింది. పైగా ప్రొపెల్లర్లు ఉండేది అటువైపే. అవి తిరగడం మొదలయ్యాక కిటికీ పక్క గోడకు మోచెయ్యి ఆనిస్తే జివ్వుమని వణుకు తెలిసింది. పక్కనే ఉన్న అమ్మతో కూడా గొంతు పెంచి మాట్లాడాను.

అంతకన్నా బాధ పెట్టింది ఉక్క. పెద్ద విమానాల తోకలో ఏసీకి, కరెంటుకి పనికొచ్చే చిన్న ఇంజిన్ ఒకటి ఉంటుంది. ఏటీఆర్‌లో అది లేదు. నేల మీద చల్లగాలి కావాలంటే ప్రొపెల్లర్‌కి బ్రేకు వేసి కుడి ఇంజిన్ నడపాలి, లేదంటే బయటి నుంచి గాలి ఇవ్వాలి. ఆ రోజు రెండూ జరగలేదు. ముందు జేబులోని సేఫ్టీ కార్డు తీసి అమ్మకు పావుగంట విసిరాను. విమాన సిబ్బందిని అడిగితే, "బయల్దేరాక చల్లబడుతుంది" అన్నారు. చెమటతో తడిసిపోతున్న పెద్దావిడను చూస్తూ చెప్పే జవాబు కాదది.

ఏటీఆర్ 25 వేల అడుగులు దాటి ఎగరదు. మబ్బుల్ని తప్పించుకుని పైకి పోయే వీలు జెట్‌లకు ఉన్నంత దీనికి ఉండదు. మధ్యాహ్నపు వేడిగాలికి కుదుపులు బాగానే వచ్చాయి. దిగేదాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు.

తిరుగు ప్రయాణానికి వెనక నుంచి మూడో వరుస తీసుకున్నాను. ఈ విమానం నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మెట్లు కొన్నే. వీల్‌చైర్ తోసుకొచ్చిన అబ్బాయి, అమ్మ ఆగిన ప్రతి మెట్టు దగ్గరా తనూ ఆగాడు, ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు. ఆ ఓపిక ఎంత మేలు చేసిందో! లోపలికి అడుగు పెడితే నాలుగడుగుల్లో సీటు. టాయిలెట్ దగ్గర కాబట్టి మనుషుల రాకపోకలు ఉంటాయి, పర్వాలేదు. చప్పుడు మాత్రం సగానికి సగం తగ్గినట్టనిపించింది.

ట్రాలీ బ్యాగు పైన అరలో పట్టదని మెట్ల దగ్గరే తీసుకున్నారు. వెళ్లేటప్పుడు అమ్మ బీపీ మాత్రలు అందులోనే ఉండిపోయి టెన్షన్ పడ్డాం. ఈసారి చేతిసంచిలో పెట్టాను.

రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి కనుక కింద అంతా కనిపిస్తుంది. గోదావరి, ఎండాకాలం తేలిన ఇసుక తిన్నెలు... అమ్మ అద్దానికి నుదురు ఆనించి, "అదిగో, ఆర్చి బ్రిడ్జి!" అంది.

కార్తీకానికి మళ్లీ వెళ్దామంటోంది. రెండు వైపులా పొద్దుటి విమానమే చూస్తున్నాను, వెనక వరుసలో, కిటికీ పక్క సీటు అమ్మకు.